చంద్రుడి దినం పేజీ

ఆయన పోయిన మూడో రోజు నేను వాళ్ల ఇంటికి వెళ్లింది పరామర్శకు కాదు, ఒక పేజీ కోసం. ఆయన రాసిపెట్టుకున్న పుస్తకంలోంచి జూలై ఇరవై ఒకటో తేదీ పేజీ చింపి, మడిచి జేబులో పెట్టుకుని రావాలని వెళ్లాను. ఈ మాటను ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు చేతనవును. కానీ తేదీ తప్పు రాయడాన్ని దొంగతనం కంటే హీనంగా చూసిన మనిషి గురించి రాస్తూ, వెళ్లిన కారణం తప్పు రాయడం బాగుండదు.

ఆయన ప్రొద్దుటూరులో బోర్డులు రాసేవాడు. నగల అంగళ్ల పేర్లు, ఎర్రగుంట్ల సిమెంటు లారీల వెనక అక్షరాలు, ఎన్నికలప్పుడు గోడలు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. అంత మంచి చేతిని ఊరికే పెట్టుకోలేక కాబోలు, మా వీధి మొదట్లో ఉన్న టీ అంగడి గోడకు ఒక నల్లబోర్డు తగిలించి, రోజూ పొద్దున్నే ‘ఈ దినం’ అని రాయడం మొదలుపెట్టాడు. ఈ తేదీన ప్రపంచంలో ఏ ఏట ఏం జరిగిందో తెల్ల సుద్దతో నాలుగు వరుసలు. కింద ఎర్ర సుద్దతో ఐదో వరుస. అది మన ఊరిది, మన చుట్టుపక్కలది. పేర్లు ఉండవు. పేరు లేకుండానే అందరికీ తెలిసేటట్టు రాయడం ఆయన విద్య.

పద్ధతి ఎప్పుడూ ఒకటే. తడిగుడ్డతో బోర్డును పైనుంచి కిందికి తుడిచేవాడు. ఆరేదాకా బీడీ తాగేవాడు. తర్వాత ఎడమ పక్క సంవత్సరాలు మాత్రం నిలువుగా రాసి, సంగతులు రాయకుండా పక్కకు జరిగేవాడు. ఆ ఏట ఏమై ఉంటుందని అంగట్లో వాళ్లు తగవులాడుకుని అలసిపోయాక సంగతులు రాసేవాడు. ఐదో వరుసకు వచ్చేసరికి బోర్డుకు ఒళ్లంతా అడ్డం పెట్టి, చుక్క పెట్టేదాకా ఎవరినీ చూడనిచ్చేవాడు కాదు. జనం ఆ వరుస కోసమే వచ్చేవారు. అది తమది కానంతవరకు దానంత కమ్మనిది లేదు.

ఆయన దగ్గర ఎవరూ తేదీ విషయంలో నోరు జారకూడదు. టీ అంగడాయనకు బిడ్డ పుట్టినప్పుడు చక్కెర పంచుతూ వచ్చి, ఆయన నోట్లో కూడా ఇంత వేశాడు.

“ఏ తేదీనప్పా?” అన్నాడు ఈయన చప్పరిస్తూ.

“నిన్ననే మామా. ఆగస్టు ఆరు.”

“హిరోషిమా దినం. ఊరు ఊరంతా మాడి బొగ్గయిన పొద్దు.”

“నీ నోట్లో మన్ను బడ! చక్కెర పెడితే బొగ్గు కక్కుతావేంది మామా?”

“నేనేం జేసేదప్పా? తేదీ నేను పెట్టినానా? నువ్వు పెట్టినావు, నీ పెండ్లాం పెట్టింది.”

ఆ పిల్ల పుట్టినరోజు ఇప్పటికీ ఆ ఇంట్లో ఒకరోజు ముందే చేస్తారు.

“యేడు పోతాది. తేదీ యాడికి పోతాదప్పా? మళ్లా వస్తాది.” ఆయన రోజుకు రెండుసార్లయినా అనే మాట ఇది. పెళ్లివారితో అనేవాడు, కేసు గెలిచి వచ్చినవాడితో అనేవాడు. వినేవాడికి ఏదో ఒక తేదీ గుర్తొచ్చి ముఖం మాడేది.

బతిమాలితే వింటాడనుకుంటే పొరపాటు. బజారులో ఒక గుడ్డల వ్యాపారి ముసలి తండ్రిని ఆసుపత్రి బెంచీ మీద కూర్చోబెట్టి, మొక్కుబడి ఉందని తిరుపతికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి ఆ బెంచీ మీద వేరే రోగి ఉన్నాడు. మరుసటి ఏడు అదే తేదీకి ఇది ఎర్ర వరుస అయింది. ఆ పై ఏడు వ్యాపారి వారం ముందే రెండు చొక్కా గుడ్డలు తెచ్చి చేతిలో పెట్టాడు. ఈయన తీసుకున్నాడు. వేళ్లతో నలిపి చూశాడు. ఆ తేదీన ఆ గుడ్డతోనే కుట్టించిన చొక్కా తొడుక్కుని వచ్చి, పాత వరుసంతా రాసి, పక్కన ఇంకో ముక్క చేర్చాడు: “ఇది రాయొద్దని పోయిన వారం రెండు చొక్కా గుడ్డలు ఇచ్చినాడు. మంచి గుడ్డ.”

ఇక నా సంగతి.

జమ్మలమడుగు దగ్గర మా ఊళ్లో రేడియో ఉన్న ఇల్లు మాదొక్కటే. చంద్రుడి మీద మనిషి దిగిన వార్త వినడానికి ఆ ఉదయం ఊరు ఊరంతా మా వసారాలోనే కూర్చుంది. అదే అదనుగా, మా నాయన మీద పగ ఉన్నవాళ్లు వీధి చివర మాటు వేశారని కబురొచ్చింది. వార్తలు అయిపోయి ఆడవాళ్లు గుంపుగా లేచి వెళ్తుంటే, మా నాయన కోక కట్టుకుని, కొంగు నెత్తిన కప్పుకుని, వాళ్లలో కలిసిపోయి బయటపడ్డాడు. రోడ్డెక్కి పులివెందుల బస్సు పట్టుకున్నాడు. మా అమ్మ చంటిబిడ్డనైన నన్ను పెట్టుకుని అక్కడే పుట్టింట్లో ఉంది. ఆ సాయంత్రమే ఆ కోకను పొయ్యిలో పెట్టి కాల్చింది. ఆనవాలు మిగలకూడదని. ఆ కోక ఎవరిదని మా ఇంట్లో ఎవరూ అనుకోగా నేను వినలేదు.

ప్రాణం మిగిలింది. మాట మిగలలేదు. పంచాయితీలో మా నాయన నోరు తెరిస్తే, ఎదుట కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరు కొంగు సర్దుకున్నట్టు భుజం మీద చెయ్యి వేసుకునేవారు. అంతే. ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఐదేళ్లలో భూములు పోయాయి, పదేళ్లలో ఇల్లు. నేను పెరిగిన ఇంటి తలుపులు ఇప్పుడు ఎవరి హోటలుకో ఉన్నాయి. ప్రొద్దుటూరులో మూడు గదుల ఇంట్లో ఉంటున్నా, ఇస్త్రీ లేని పంచె కట్టుకుని నేను వీధిలోకి రాలేదు. ఆ టీ అంగట్లో ఒక్క గ్లాసు తాగలేదు.

బోర్డు రాసే ఆయన మా జీతగాడి కొడుకు. వాళ్ల అమ్మ మా ఇంట్లో కసువు ఊడ్చి, గొడ్ల కింద పేడ ఎత్తేది. మా అన్నం తిన్న ఇంటివాడు కాబట్టి ఆయనను నేను ఏ వరసపెట్టీ పిలవలేదు. ఆయన నన్ను ‘అప్పా’ అనేవాడు. ఈ ఊళ్లో రిక్షావాణ్ణీ అట్లాగే అంటారు.

ఏటా చంద్రుడి దినం ఎర్ర సుద్ద వరుస ఇది: “అదే పొద్దు మన తాలూకాలో ఒక పెద్దింటి మగోడు కోక కట్టుకోని పులివెందుల బస్సెక్కినాడు.”

ఆ తేదీ మీద ఒకసారి పెద్ద వాదన జరిగింది. పేపర్లలో చంద్రుడి మీద దిగింది జూలై ఇరవై అని వేస్తారు. ఈయన ఇరవై ఒకటిన రాశాడు. హైస్కూలు అయ్యవారు ఒకాయన ఆగి, తప్పన్నాడు.

“అయ్యవారూ, ఆ మనిషి ఆడ దిగేటప్పుడు జమ్మలమడుగులో ఏ తేదీ?”

“ఇక్కడ అర్ధరాత్రి దాటింది. ఇరవై ఒకటే అవుతుంది.”

“మరి నేను బోర్డు యాడ రాస్తాండా? అమెరికాలోనా?”

అంగడంతా నవ్వింది. అయ్యవారు కూడా నవ్వి ఒప్పుకున్నాడు. ఆనాటి నుంచి మా వీధికి చంద్రుడి దినమంటే ఇరవై ఒకటే. ఆ ఊపులోనే ఆయన పందెం వేశాడు. “నా బోర్డు మీద ఒక్క తేదీ తప్పని చూపించండి. ఆ పొద్దుతో సుద్దముక్క ముట్టను.”

ఆ పందేన్ని వీధిలో అందరూ మరిచిపోయారు, నేను తప్ప. ఏటేటా వచ్చే సమాచార పుస్తకాలు కొన్నాను. గ్రంథాలయంలో పాత పేపర్లు తిరగేశాను. ఆ వరుసను చెరిపించడానికి ఆయన కాళ్లు పట్టుకోనక్కర్లేని దారి అదొక్కటే కనిపించింది. ఆయనకు అది తెలుసు. నేను అటు వెళ్తుంటే రోజూ అడిగేవాడు.

“ఏమప్పా, దొరికిందా?”

నేను కండువా సర్దుకుని వెళ్లిపోయేవాణ్ణి. దొరికేది కాదు.

పదమూడేళ్ల కిందట మా అబ్బాయికి పులివెందుల నుంచి సంబంధం వచ్చింది. అంతటి వాళ్లు మా గడప తొక్కడం, ఊరు విడిచాక అదే మొదలు. ఆ ఏడు శ్రావణం తొందరగా వచ్చింది. పురోహితుడు తాంబూలాలకు జూలై ఇరవై ఒకటి పెట్టాడు. మార్చమంటే కారణం చెప్పాలి. మార్చమనలేదు. మా సందులోకి కారు రాదు. వచ్చేవాళ్లు ఎవరైనా టీ అంగడి దగ్గర, ఆ బోర్డు ఎదుటే దిగాలి. ఆయనను ఒక మాట అడగవచ్చు. చొక్కా గుడ్డల సంగతి తెలుసు కాబట్టి అడగలేదు. తెలియకపోయినా అడిగేవాణ్ణి కాదు.

అయితే పెళ్లివారు ఒకరోజు ముందే, ఇరవైనే వచ్చారు. శ్రావణమాసం మొదటి శుక్రవారం, ప్రొద్దుటూరులో బంగారం కొని, అట్లాగే మా ఇంట్లో దిగుదామని. దారిలో ఉన్నామని ఫోను చేస్తే ఎదురు వెళ్లాను. సాయంత్రం నాలుగైంది. పిల్ల మేనమామ భారీ మనిషి. కారు దిగుతూనే ఒళ్లు విరుచుకుని, బోర్డు చూసి, పైకి చదవడం మొదలుపెట్టాడు.

చంద్రుడి వరుస ఉంది. కింద ఎర్ర వరుస కూడా ఉంది.

“ఏందప్పా ఇది! ఒకడు చంద్రుని మీద కాలు పెడితే ఇంగొకడు కోక కట్టుకోని బస్సెక్కినాడా! అదీ మా పులివెందులకా! ఎవురప్పా ఆ మగోడు?” అని పగలబడి నవ్వాడు.

టీ అంగడాయన గిన్నెలోకి చూశాడు. కూర్చున్నవాళ్లు గ్లాసుల్లోకి చూశారు. బెంచీ చివర కూర్చున్న బోర్డాయన లేచి వచ్చాడు.

“పాత మాట లేప్పా. ఎవురో, యాడనో. శానా దూరం నుంచి వచ్చినట్టుండారు, ఎండలో నిలబడొద్దండి, ఇంట్లోకి పోండి.”

అక్కడితో అయిపోయేది. కానీ నేను చూస్తున్నది ఎర్ర వరుసను కాదు. బోర్డు నెత్తిన ఉన్న తేదీని. ఇరవై. ఎనిమిదేళ్లు వెతికింది ఎదుటే ఉంది.

“తేదీ తప్పు,” అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. తల కొంచెం అడ్డంగా ఆడించాడు. అది నాకు భయంలాగా కనబడింది. నా ఒళ్లు పొంగింది.

“ఈ యేడు అమెరికా లెక్కన రాసినాలేప్పా.”

“నువ్వు బోర్డు రాస్తాండేది అమెరికాలోనా?” అన్నాను. ఆయన మాటే ఆయనకు. “సరే, చంద్రుడు అమెరికా లెక్క. కింద వరుసో? జమ్మలమడుగు తాలూకా గూడా అమెరికాలోనే ఉందా? అది జరిగింది ఇరవై ఒకటి. సోమవారం.”

“తప్పేప్పా. తప్పు రాసినా. తుడిచేస్తా, నువ్వు పో.”

“అట్లా పొయ్యేది లేదు. అందరూ వినండి. తప్పు రాసినానని ఒప్పుకున్నాడు.”

మేనమామ మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశాడు. “అదెట్లప్పా అంత గట్టిగా చెప్తాండావు? సోమవారమని గూడా! దగ్గరుండి చూసినట్టే!”

“మా ఇంట్లో జరిగింది మాకు తెలీదా?”

అన్నాక విన్నాను. 

వాళ్లు ఇంటికి వచ్చారు. మజ్జిగ తాగారు. మంచీచెడూ మాట్లాడారు. లేచేముందు మేనమామ నన్ను వాకిట్లోకి పిలిచాడు.

“కోక కట్టినందుకు గాదప్పా. ప్రాణం మీదికొస్తే నేనైనా కడతా. బజార్లో ఒక తేదీ గెలిచేదానికి కన్నతండ్రిని నిలబెట్టినావే, ఆ ఇంట్లో మా పిల్ల ఏ పొద్దు ఏం తప్పు జేస్తాదో, నువ్వు యాడ చెప్తావో. మేం భయస్తులం.”

రాత్రికి ఉంటామన్నవాళ్లు చీకటి పడకముందే వెళ్లిపోయారు. మా అబ్బాయి బెంగళూరులో తనకు నచ్చిన పిల్లను రిజిస్టరు ఆఫీసులో చేసుకుని, తర్వాత ఫోను చేసి చెప్పాడు.

నేను మాత్రం మర్నాడు పొద్దున్నే పందెం వసూలుకు వెళ్లాను. టీ అంగడాయన చేతులు పట్టుకున్నాడు. “ఆయన పెద్దోడు, ఇడ్సిపెట్టప్పా. ఆ బోర్డు లేకపోతే మామ ఏం కావాల?” మాట మాటే అన్నాను. బోర్డాయన సుద్దముక్కల డబ్బా తెచ్చి అంగడి బల్ల మీద పెట్టాడు. అందులో ఎర్రవి రెండు మిగిలి ఉన్నాయి. పోతూ పోతూ నా ఎదుట ఆగాడు.

“దొరికింది గదప్పా,” అన్నాడు.

తర్వాత కూడా రోజూ వచ్చేవాడు. తడిగుడ్డతో ఖాళీ బోర్డును పైనుంచి కిందికి తుడిచేవాడు. ఆరేదాకా బీడీ తాగేవాడు. ఆరిన బోర్డును కాసేపు చూసి, టీ తాగి వెళ్లిపోయేవాడు. అది చూడటానికే నేను ఆ దారిన వెళ్లిన రోజులున్నాయి. హాయిగా ఉండేది, దాచడం ఎందుకు? రెండో ఏడో మూడో ఏడో ఆ బోర్డు మీద ఎవరో ట్యూషన్ల ఫ్లెక్సీ కొట్టారు. ఆయన ఆ ఫ్లెక్సీని తుడవబోయి, చెయ్యి వెనక్కు తీసుకుని, గుడ్డ పిండి బెంచీ మీద ఆరేశాడు. మరుసటి రోజు నుంచి రాలేదు.

మొన్న పోయాడని తెలిసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆయన పుస్తకం. రోజుకొక పేజీ చొప్పున ఏడాదంతా రాసిపెట్టుకున్న లావుపాటి పుస్తకం ఉందని అందరూ అనేవారు. అది ఎవరి చేతిలో పడుతుందో, మా వరుసను ఇంకెవరు ఏ గోడ మీద రాస్తారోనని వెళ్లాను.

రేకుల ఇల్లు. వసారాలో వాళ్ల అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి. నన్ను చూసి యాభై ఏళ్లు దాటింది, అయినా చెప్పులు విడుస్తుండగానే గుర్తుపట్టింది.

“నడక మీ నాయనదే. రా నాయనా, కూచో.”

పుస్తకం చూడాలన్నాను. ఎందుకని అడగలేదు. గూట్లో ఉంది తీసుకోమంది. జూలై తెరిచాను. ఇరవై ఒకటి. పైన చంద్రుడు, ఆ కింద ఎర్ర సిరాలో మా వరుస. దాని పక్కన పెన్సిలుతో చిన్న అక్షరాలు: “రేపు 21న ఆ యింట్లో తాంబూలాలంట. చూస్తే బాగుండదు. ఈ ఒక్క యేడుకు 20న.”

రెండుసార్లు చదివాను. ఒకరోజు ముందే దిగుతారని నాకే తెలియదు. ఆయనకు ఎట్లా తెలుస్తుంది?

పేజీ అడుగున పాత సిరా, రంగు వెలిసింది. “అమ్మకు ఉండేది రెండు కోకలు. ఒకటి ఉతికి బయట ఆరేసింది. కట్టుకున్న దాన్ని పెద్దాయన ఇప్పించుకున్నాడు. మాపటిదాకా గడ్డివామి సందులో గోనెపట్ట చుట్టుకోని కూచున్నాది. ఆయన కోసరం వెతికేటోళ్లు ఆడికి గూడా వచ్చినారు. బోర్డుకు కాదు.”

ఏటేటా ఆయన రాసింది ఇందులో మా వంతు మాత్రమే.

“ఏ దినం తీసినావు నాయనా?” అంది ఆమె. చదువు రాదు.

“జూలై ఇరవై ఒకటి.”

“చంద్రునిదా.” తన కొంగు అంచు వేళ్లతో తడిమింది. “అది పచ్చకోక. ఎర్రంచు. మా పుట్టింటోళ్లు పెట్టింది. దాన్ని ఏం జేసినారు నాయనా?”

పోయిందనవచ్చు. గుర్తులేదనవచ్చు. పెట్టెలో ఉంది, తెచ్చిస్తానని కూడా అనవచ్చు, ఆమె ఎన్నాళ్లుంటుంది గనక.

“కాల్చినారు,” అన్నాను.

“ఎవురు?”

“మా అమ్మ. పులివెందులలో.”

“ఎప్పుడు?”

“అదే దినం. మాపటికి.”

ఆమె ఏదో లెక్క చూసుకున్నట్టు తల ఊపింది. “అయితే నేను గడ్డివామిలోంచి లేసేతలికే అది బూడిదైపోయినాది.”

పేజీ మూల నా వేళ్ల మధ్యే ఉంది. వదిలేశాను.

“ఒకే వీధిలో తిరిగితిరి గదా నాయనా ఇన్నేండ్లు,” అంది. “వానికి చెప్పింటే రాసుకుంటుండె. పెన్సిలు ఆ పుస్తకం సందులోనే ఉంటాది, సూడు.”